చెల్లుకు చెల్లు

మూడో అంతస్తు, పాత వీధి
నవంబరు 12

బాబిన్‌కి,

"చెల్లెలికి మోకాలి ఆపరేషను, పదిహేను రోజుల్లో వచ్చేస్తా" అని పెట్టె పట్టుకుని దిగిపోయావు. ఈ రోజుకి నలభై మూడు రోజులు. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, పదిహేనుకీ నలభై మూడుకీ తేడా నాకు తెలుసు. ఎదురుగా నీ గది తాళం చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. నీ కుట్టుమిషను చప్పుడు లేక ప్రాణం హాయిగా ఉందని కింది అంతస్తు వాళ్ళు అన్నారు. వాళ్ళతో మాట్లాడటం మానేశాను.

ఎన్నికలు మే పద్దెనిమిదిన. ఆ రోజుకి నువ్వు ఎక్కడున్నా వచ్చి తీరాలి. మరిచిపోయే రకానివి కాబట్టి ఒప్పందం మళ్ళీ చెప్తాను. నాది దువ్వెన పార్టీ, నీది కత్తెర పార్టీ. నా ఓటుని నీ ఓటు కొట్టేస్తుంది, నీ ఓటుని నాది కొట్టేస్తుంది, మిగిలేది సున్నా. ఆ సున్నా కోసం ఇద్దరం ఎండలో వరసలో నిలబడటం దేనికని ఆరు ఎన్నికలుగా పోలింగు రోజున మా ఇంట్లో కూర్చుని పేకాడుకుంటున్నాం. ఇంత నిజాయితీగా ఓటు మానేసేవాళ్ళు ఇంకెక్కడా ఉండరు.

ఇక మా అమ్మాయి సంగతి. ముప్పై ఆరేళ్ళొచ్చాయి. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. పెళ్ళి మాట ఎత్తితే పానా పట్టుకుని బయటికి పోతుంది. మొన్న అనాథ పిల్లల ఇంట్లో లిఫ్టు ఆగిపోయిందంటే వెళ్ళింది. రెండేళ్ళ పిల్ల ఒకతె అన్ని అంతస్తుల బటన్లూ ఒకేసారి నొక్కేసిందట. మన మెకానిక్ గారు ఆ పిల్లకి "గ్రౌండ్‌ఫ్లోర్" అని ముద్దుపేరు పెట్టి వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. ఇప్పుడు ఆ పిల్లని పెంచుకుంటానని అర్జీ పెట్టింది. మొగుడు అక్కర్లేదు, పిల్ల మాత్రం కావాలట. ఇదేమిటే అంటే, "అమ్మా, నేను నిన్ను అడగటం లేదు, చెప్తున్నాను" అంది.

మా దువ్వెన వాళ్ళు గెలిస్తే ఇలాంటి ఒంటరివాళ్ళ అర్జీలన్నీ వెనక్కి పంపేస్తామంటున్నారు. ఇంటికి ఒక అమ్మ, ఒక నాన్న, ఒక పద్ధతి ఉండాలన్నారు. రేడియోలో విని చప్పట్లు కొట్టాను, వంటింట్లో, ఒక్కదాన్నే.

బెత్తం


కుట్టు కొట్టు వెనక గది, చెల్లెలి ఇల్లు
నవంబరు 30

ఒసే బెత్తం,

నీ ఉత్తరం చెల్లెలికి చదివి వినిపించాను. నవ్వితే మోకాలు లాగుతోందని నన్ను తిట్టింది. డాక్టరు ఇంకా మెట్లు ఎక్కొద్దన్నాడు, ఒప్పుకున్న కర్టెన్లు గుట్టలుగా పడి ఉన్నాయి, నేను కదిలితే కొట్టు మూతపడుతుంది. కాబట్టి తాళం మీద కోపం తాళం మీదే ఉంచు.

నీ కూతురి విషయంలో నేను కత్తెర మనిషినే. దాని బతుకు దాని ఇష్టం. నేను మొగుణ్ణి వదిలేసి వచ్చి బట్టల ఫ్యాక్టరీలో చేరినప్పుడు మన మెట్ల మీద ఎదురైన వాళ్ళంతా గోడకి అతుక్కుపోయేవాళ్ళు, నా గాలి సోకుతుందన్నట్టు. నువ్వొక్కదానివే ఆగి, "మీరు చేసింది పద్ధతి కాదు" అన్నావు. అంటూనే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చావు. ఆ కాఫీ తాగుతూనే కదా మనం మొదటిసారి పోట్లాడుకుంది.

కానీ నిన్న ఏమైందో విను. ఇక్కడ కత్తెర వాళ్ళ మీటింగంటే వెళ్ళాను. మా రోజుల్లో కత్తెర అంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర మాతోపాటు నిలబడి టీ తాగినవాళ్ళు. వీపు ఆనించుకునే కుర్చీల కోసం మా చేత పదకొండు రోజులు సమ్మె చేయించినవాళ్ళు. ఇప్పుడు కొత్త అభ్యర్థి వచ్చింది, నవ్వు కూడా ఇస్త్రీ చేసి పెట్టుకున్నట్టుంది. నేను లేచి, "నాలాంటి ముసలిదానికి ఒకటే ప్రశ్నమ్మా, కుట్టుపని వాళ్ళకి మీరేం చేస్తారు" అన్నాను. "ముందు ఆ ముసలి అనే మాట మానేద్దాం మేడం" అంది. "నా గురించే కదమ్మా అనుకుంటున్నాను" అన్నాను. "మీ గురించి మీరైనా అనుకోకూడదు" అంది. వచ్చేటప్పుడు అనకూడని మాటల కాగితం ఒకటి చేతిలో పెట్టారు. రెండు వైపులా అచ్చు. అందులో నేను రోజూ వాడేవి పద్నాలుగు. కుర్చీల గురించి ఒక్క ముక్క లేదు.

ఇంటికొచ్చి చెల్లెలూ నేనూ తలుపేసుకుని ఆ పద్నాలుగు మాటలూ ఒకరినొకరు వరసగా అనుకున్నాం. చాలా హాయిగా ఉందే.

బాబిన్


మూడో అంతస్తు
డిసెంబరు 22

బాబిన్‌కి,

అభ్యంతరం రాసివ్వడానికి నేనే ఆ పిల్లల ఇంటికి వెళ్ళాను. అమ్మాయికి చెప్పలేదు. గుమాస్తా ఫారం ఇచ్చాడు. బల్ల దగ్గర కూర్చుని కారణాలన్నీ నంబర్లు వేసి రాశాను. ఏడు వచ్చాయి. సంతకం పెట్టబోతుంటే మోకాలికి ఏదో తగిలింది. చూస్తే ఆ గ్రౌండ్‌ఫ్లోరే. లిఫ్టు దగ్గర నుంచి ఎవరో తరిమేస్తే ఇటొచ్చింది.

"నుంచో" అన్నాను బళ్ళో అన్నట్టు. అది అప్పటికే నుంచుని ఉంది కదా, ఏం చెయ్యాలో తెలియక కూర్చుంది. తర్వాత నా ఒళ్ళోకి ఎక్కింది. ఎక్కి, సంచీలోంచి నా ఎర్రపెన్ను లాక్కుని ఏడు కారణాల మీదా అడ్డంగా ఒక గీత గీసింది. పక్కనే సున్నా చుట్టింది. నేను ఎన్ని వేల కాగితాల మీద అలా చుట్టి ఉంటానో. నా కాగితం మీద చుట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఇంకో ఫారం ఇవ్వమంటే, "మనిషికి ఒకటే అమ్మా, కావాలంటే బుధవారం వచ్చి పెద్దావిడని అడగండి" అన్నాడు గుమాస్తా. బుధవారం వెళ్తాను. కోపం ఏమీ తగ్గలేదు. పైగా అది నా పెన్ను తిరిగి ఇవ్వలేదు.

రెండేళ్ళ పిల్ల పాదానికి ఏ సైజు చెప్పులు పడతాయో నీకేమైనా తెలుసా. ఊరికే అడుగుతున్నాను.

బెత్తం


కొట్టు వెనక గది
జనవరి 19

ఒసే బెత్తం,

చెప్పుల సైజు నాకేం తెలుసు, కాగితం మీద పాదం పెట్టించి గీసుకో. నీకెందుకో మరి.

ఈ మాట వినేముందు కూర్చో. కళ్ళజోడు తీసి పక్కన పెట్టు, పగిలితే నా మీద పడతావు. నేను దువ్వెన అయిపోయాను.

నిజమే. రెండు వారాల కిందట దువ్వెన వాళ్ళ మనిషి కొట్టుకి వచ్చింది, నా ఈడుదే. నేను ఒక్కదాన్నే ఆరు గజాల కర్టెను కొలుస్తుంటే ఏం మాట్లాడకుండా రెండో కొస పట్టుకుంది. నాలుగు కర్టెన్లు పట్టుకుంది. చెల్లెలి మోకాలి గురించి అడిగింది. తను కూడా మిషను తొక్కినదేనట. "పెద్దవాళ్ళు, ఇల్లు, వీధి, ఇవి ఎవరికీ పట్టడం లేదమ్మా" అంది. పైవాటాలో కుర్రాళ్ళు నలుగురు దిగారు, మెట్ల మీద నేను పడిపోయినా దాటుకుంటూ పోయేలా ఉన్నారు, ఆ మాట నాకు తగిలింది. ఇంకో సంగతి చెప్తే నువ్వు ఎగిరి గంతేస్తావు. ఆవిడ వెళ్ళాక నీ నవంబరు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఇంటికి ఒక అమ్మ, ఒక నాన్న, ఒక పద్ధతి. ముప్పై ఏళ్ళు నువ్వు నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది ఇదే కదా. ఇన్నాళ్ళకి ఎక్కింది. నీ గొప్పే.

కాబట్టి ఇక సున్నా లేదు. రెండూ దువ్వెనే. ఈసారి పేక కట్టిపెట్టి ఇద్దరం చేతులు పట్టుకుని వెళ్ళి వేసొద్దాం. కొత్త చీర కట్టుకుంటాను.

నీ పార్టీ మనిషి,
బాబిన్


మూడో అంతస్తు
జనవరి 30

బాబిన్‌కి,

నీ ఉత్తరం అందింది. విషయం తెలిసింది. సంతోషం. చెల్లెలి ఆరోగ్యం జాగ్రత్త. ఇక్కడ అంతా క్షేమం.

బెత్తం


కొట్టు వెనక గది
ఫిబ్రవరి 8

ఏమే,

ఆ కాగితానికి ఎడమ పక్కన స్కేలుతో మార్జిను గీసి ఉంది. నీకు కోపం వస్తే మార్జిను గీస్తావు. నీ మొగుడు పోయినప్పుడు పది రోజులు నువ్వు రాసిన పాల చీటీలకి కూడా మార్జిన్లు ఉన్నాయి. ఏదో దాస్తున్నావు. ముప్పై ఏళ్ళు లాగి చూసినా మారనిదాన్ని నీ వైపుకి వస్తే ఐదు మాటలా నాకు?

సరే, ముందు నేను దాచింది చెప్తాను, తర్వాత నువ్వు చెప్పు. మూడో ఎన్నికల రోజు ఆట మధ్యలో దారం అయిపోయిందని వెళ్ళి ముప్పావు గంటకి వచ్చాను. దారం కోసం కాదు. ఆ సంవత్సరం కుర్చీల చట్టం అటో ఇటో తేలుతుందని ప్రాణం ఆగక వెళ్ళి కత్తెరకి వేసి వచ్చాను. సిరా కనపడకుండా ఎడమ చూపుడు వేలికి గుడ్డ చుట్టి సూది దిగిందన్నాను. నువ్వు పాపమని నా వంతు ముక్కలు కూడా నువ్వే కలిపావు. ఇరవై ఏళ్ళుగా ఆ ముక్కలు నా గుండెలో గుచ్చుకుంటున్నాయి.

చెప్పేశాను. తిట్టు. మార్జిను లేకుండా తిట్టు.

బాబిన్


మూడో అంతస్తు
మార్చి 2

బాబిన్‌కి,

నేనెలా తిట్టను. ఆ రోజు పొద్దున్నే నువ్వు లేవకముందే వెళ్ళి దువ్వెనకి వేసి వచ్చాను. నా వేలికీ కట్టు ఉంది, చాకు తెగిందని నీతో చెప్పాను. ఇద్దరం రెండు కట్లతో నాలుగు గంటలు పేకాడాం, ఒకరి వేలు చూసి ఒకరం అయ్యో అనుకున్నాం. నా తప్పు దాచుకునే కంగారులో నీ కట్టు నాకు అనుమానమే రాలేదు. అయినా చూడు, అప్పుడూ మిగిలింది సున్నాయే.

నవ్వడం అయిపోయిందా. ఇప్పుడు అసలు సంగతి. నేను తొమ్మిది బుధవారాలు ఆ పిల్లల ఇంటికి వెళ్ళాను. కొత్త ఫారం ఒక్కసారి కూడా అడగలేదు. మొదటివారం పెన్ను కోసం వెళ్ళాను, ఇచ్చింది, మళ్ళీ లాక్కుంది. ఆరోవారం చెప్పులు. పాదం కాగితం మీద గీస్తే కితకితలు పెట్టినట్టు నవ్వి కాలు లాగేసుకుంది, చెప్పులు ఒకటి పెద్దది ఒకటి చిన్నది కుట్టించాల్సి వచ్చింది. ఏడోవారం అక్కడ మా అమ్మాయి ఎదురైంది. ఇద్దరం దొంగల్లా నిలబడ్డాం. "నువ్వేం చేస్తున్నావమ్మా" అంది. "లిఫ్టు ఎక్కడానికి వచ్చాను" అన్నాను. అది నన్ను వాటేసుకుంది. ఎన్నేళ్ళయిందో నన్ను వాటేసుకుని.

ఇంటికి ఒక పద్ధతి ఉండాలని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పిల్ల అరటిపండు తొక్క తియ్యడానికి మా అమ్మాయి దగ్గరికి పోతుంది, తిట్లు తినడానికి నా దగ్గరికి వస్తుంది. అది పద్ధతి కాక ఏమిటే. ముప్పై ఏళ్ళు నువ్వు నా చెవిలో పోసింది కూడా తక్కువేం కాదు. "ఎవరి బతుకు వాళ్ళది" అని నీ గొంతే వినపడుతోంది, అదీ నువ్వు వదిలేశాక.

ఫైలు జూన్ పదిన సంతకానికి వెళ్తుంది. దువ్వెన వస్తే వెనక్కి వస్తుంది, పిల్ల అక్కడే ఉండిపోతుంది. అందుకే ఈసారి కత్తెరకి వేస్తున్నాను. నువ్వు దువ్వెనకి వేస్తావు. మళ్ళీ సున్నా. నాకు భయంగా ఉంది. అంతే. నిన్నేమీ అడగటం లేదు, చెప్తున్నాను.

బెత్తం


కొట్టు వెనక గది
మార్చి 20

ఒసే బెత్తం,

ఒకటి పెద్దది ఒకటి చిన్నది అన్న దగ్గర చెల్లెలు మంచం మీంచి పడబోయింది. మోకాలు బాగుపడిందని అప్పుడే తెలిసింది.

తర్వాత మాత్రం నాకు కోపం వచ్చింది, దాచను. నువ్వే చెప్పి చెప్పి నన్ను మార్చావు. ఇప్పుడు వెనక్కి ఇచ్చేయమంటే ఇవ్వడానికి ఇదేం అరువు తెచ్చుకున్న గిన్నె కాదు. కర్టెను కొస పట్టుకున్న మనిషికి నేను మాటిచ్చాను. కత్తెర వాళ్ళకి ఇప్పుడు నేను కనపడను, నా మాటలో తప్పులే కనపడతాయి. నీకు ఆ పిల్ల కనపడింది, నాకు ఈ మనిషి కనపడింది. ఎవరు ఎవరికి కనపడ్డారో వాళ్ళ వైపు పోయాం, ఇద్దరం. నేను కత్తెరకి వెయ్యను. ఆ సంగతి ముందే తెలుసుకో.

మే పద్దెనిమిదిన వస్తున్నాను. పేక తీసి పెట్టు. ఆ రోజు పిల్లని ఇంటికి పంపిస్తారేమో అడుగు. నీకు సున్నా చుట్టినదాన్ని ఒకసారి చూడాలి.

బాబిన్


మూడో అంతస్తు
జూన్ 14

బాబిన్‌కి,

నీకు తెలిసినదే రాస్తున్నాను. నా వైపు నుంచి ఎలా జరిగిందో నీకు తెలియదు కాబట్టి.

పోలింగు రోజున నువ్వు కొత్త చీరలో వచ్చావు. ఓటుకే కట్టుకున్నావనుకున్నాను. ఆ పూటకి ఇంటికి పంపించిన గ్రౌండ్‌ఫ్లోర్ నిన్ను కిందనుంచి పైదాకా చూసి నా చీర కుచ్చిళ్ళ వెనక దూరింది. నువ్వు చెప్పులు విడవకుండానే అన్నావు, "నువ్వూ అమ్మాయీ వెళ్ళి వేసి రండి. పిల్లని నేను చూస్తాను. నేను దువ్వెనని మోసం చెయ్యను, నీకు అడ్డం రాను. ఇంట్లో కూర్చోవడం నాకు ఆరు ఎన్నికల అలవాటు." నేను ఏదో అనబోతే, "పోవే, వరస పెరుగుతుంది" అన్నావు.

గంటన్నర నిలబడ్డాం. వరసలో ముందాయన మెడ వెనక చెమట చూస్తూ ఒకటే ఆలోచన. పోలింగు బడి వీధి చివరే. పిల్లని చంకనెత్తుకుంటే వరస లేకుండా పంపిస్తారు, ఇంకో గుమ్మంలోంచి వెళ్ళి వేసి రావడానికి నీకు పావుగంట చాలు. మూడో ఎన్నికల్లో చేసిన మనిషి. ఛీ, ఏమిటీ బుద్ధి అనుకున్నాను. చేసినదాన్ని నేను మాత్రం కానా అనుకున్నాను.

ఇంటికొచ్చాం. నువ్వు నేల మీద కూర్చుని పేక కలుపుతున్నావు. ఎడమ చూపుడు వేలికి కట్టు.

బాబిన్, కోపం కాదు. వేస్తే వేసుకో, నీ ఓటు. కానీ కట్టు ఎందుకే అనిపించింది. కూర్చుని ముక్కలు పంచాను. వరసగా మూడు ఆటలు ఓడిపోయాను. నువ్వు "పాపం, ఎండ దెబ్బ" అన్నావు, పైగా నవ్వావు. నాలుగో ఆటలో గ్రౌండ్‌ఫ్లోర్ నీ ఒళ్ళోకి ఎక్కి ఆ గుడ్డ కొస పట్టుకుని లాగింది. మొత్తం ఊడింది.

నల్ల సిరా లేదు. వేలి మీద అడ్డంగా ఎర్ర గీత, గోరు మీద వంకర సున్నా. నా పెన్ను.

"నా ఓటు నీ మనవరాలు కొట్టేసింది" అన్నావు. "కట్టు చూస్తే నీ మొహం ఎలా ఉంటుందో చూద్దామని చుట్టుకున్నా. ఇరవై ఏళ్ళ కిందట చూడలేకపోయాను కదా." మా అమ్మాయి నవ్వి నవ్వి పానా సంచీ మీద కూలబడింది. నేను ఏడ్చానని అందరికీ చెప్తున్నావట. నిజమే, ఏడ్చాను.

ఇక వార్తలు. మన నియోజకవర్గంలో మీ దువ్వెనే గెలిచింది, రెండు వందల పన్నెండు ఓట్ల తేడా. అంటే నా ఓటూ పనికి రాలేదు, నువ్వు మానుకోవడమూ పనికి రాలేదు, మనం హాయిగా అందరం పేకాడుకుని ఉండొచ్చు. దేశం మొత్తం మీద మాత్రం కత్తెర గట్టెక్కింది, అతి కష్టం మీద. వాళ్ళకి కుర్చీల గురించి నేనే ఉత్తరం రాశాను, నీ పేరు మీద. అనకూడని మాటలు పద్నాలుగూ అందులో వాడాను.

ఫైలు మీద పదో తారీఖున సంతకం పడింది. పదకొండున పిల్ల ఇంటికొచ్చింది. వచ్చిన గంటలో మన లిఫ్టు ఆపేసింది, కింది అంతస్తు వాళ్ళు మెట్లెక్కి వచ్చి అరిచారు. వాళ్ళతో మాట్లాడక్కర్లేకుండా పోయింది, ముందే మానేశాను కాబట్టి. నీ తాళం తియ్యాలని రోజూ నీ గుమ్మం ముందు నిలబడి బటను కోసం వెతుకుతోంది. తొందరగా రా.

ఒప్పందం మాత్రం మారుస్తున్నాను. ఇంకో ఐదేళ్ళకి దీనికి ఏడేళ్ళు వస్తాయి, అప్పటికి ఇది ఇంకెన్ని ఆపుతుందో. ఆ రోజు నువ్వు ఆ కొత్త చీర కట్టుకుని వెళ్ళి నీ దువ్వెనకి వేసుకుని రా, తిన్నగా, కట్టు లేకుండా. ఇంట్లో పిల్లతో కూర్చునే వంతు నాది.

బెత్తం